ప్రెసిడెంటుగారబ్బాయి కూర్చున్న బడి

మొన్నటి ఎన్నికలకి ఓటెయ్యడానికి మా ఊరు వెళ్ళాను. ఉద్యోగం అయిపోయాక నరసరావుపేటలో ఉంటున్నా, ఓటు ఇంకా ఊళ్ళోనే ఉంది. పోలింగు బూతు మా నాన్నగారు పనిచేసిన బడి. నేను అఆలు దిద్దుకున్నదీ అక్కడే. గుమ్మం దాటేసరికి సుద్దపొడి వాసన, వేసవి సెలవులకి మూసిపెట్టిన గదుల్లో ఉండే ఉక్క వాసన కలిసి ముక్కుకి తగిలాయి. ఓటు వరసలో నిలబడ్డానే గానీ నా కళ్ళు గోడల మీదే ఉన్నాయి.

బడి చాలా బాగుంది. ఆ మాట ముందే చెప్పాలి. సర్కారు బళ్ళని బాగుచేసే నాడు-నేడు పనుల్లో కింద టైల్స్ వేశారు, ఫ్యాన్లు బిగించారు, బెంచీలు ఇచ్చారు. నల్లబల్ల ఉన్న చోట ఆకుపచ్చ బోర్డు వచ్చింది. మరుగుదొడ్లలో కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయి. మా చిన్నప్పుడు ఆడపిల్లలం జట్టుగా తుమ్మచెట్ల చాటుకి వెళ్ళేవాళ్ళం, ఒకరు కాపలా ఉంటే ఒకరు. ఆ రోజులకీ ఈ రోజులకీ పోలికే లేదు. ఇన్ని ఉన్నా, చదివే పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని వరసలో నా వెనక నిలబడ్డ పెద్దాయన చెప్పాడు. నాన్నగారి దగ్గర చదువుకున్నవాడే. "ఇంత బడి పెట్టుకుని పిల్లల్ని ఊరవతలకి పంపుతున్నామమ్మా" అన్నాడు.

ఆ మాట విని ముందున్న పిల్ల వెనక్కి తిరిగింది. ఊరికి కోడలుగా వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. చంకలోంచి జారిపోతున్న కొడుకుని పైకి ఎగదోసుకుంటూ, "టీచరమ్మగారూ, వీడికి ఐదు నిండుతున్నాయండీ. జూన్లో ఎక్కడ వెయ్యమంటారు? మా ఆయన వ్యానెక్కిద్దామంటున్నారు" అంది. వరస కదిలింది. సాయంత్రం ఇంటికి రమ్మన్నాను.

ఆ మధ్యాహ్నమంతా మా పాత ఇంటి అరుగు మీద కూర్చుంటే ఆ బడీ, ఆ తరవాతి బళ్ళూ అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి.

* * *

నాన్నగారిది సమితి బడి. అప్పటికింకా మండలాలు రాలేదు, పంచాయతీ సమితులే. జీతం సమితి ఆఫీసు నుంచి రావాలి. ఒక్కోసారి నెల దాటి రెండో నెల వచ్చేసినా అందేది కాదు, కిరాణా కొట్లో మా ఖాతా పుస్తకం లావెక్కేది. బడికి ఆనుకునే మా పెంకుటిల్లు. నాన్నగారు ఊళ్ళో కాపురముండేవారు కనక బడి తలుపు ఎప్పుడు తెరుస్తారో అని ఎవరూ ఎదురుచూడాల్సిన పని లేదు.

వేపచెట్టు కొమ్మకి రైలుపట్టా ముక్క ఒకటి వేలాడేది. ఇనపకడ్డీతో మొదటి గంట కొడితే పొలాల్లో ఉన్నవాళ్ళకి కూడా పొద్దెంతయిందో తెలిసేది. రెండో గంటకి పలకా సంచీ పట్టుకుని పరిగెత్తేవాళ్ళం. ఒకటో తరగతి వాళ్ళకి పలక కన్నా ముందు ఇసుక. వాకిట్లో ఇసుక పరిచి, నాన్నగారు గొంతుక్కూర్చుని పిల్లవాడి చూపుడు వేలు మీద తన వేలు ఆన్చి దిద్దించేవారు. "అ" ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ వంపు తిరుగుతుంది, ఎక్కడ ఆగాలి. తప్పితే అరచేత్తో ఇసుక చదును చేసి మళ్ళీ మొదలు. నా వేలినీ అలాగే పట్టుకున్నారు. ఇంట్లో అయితే "అమ్మాయ్" అనేవారు, బళ్ళో మాత్రం హాజరు పట్టీలో పేరుతోనే పిలిచేవారు.

శనివారం ఒంటిపూట. ఆ మధ్యాహ్నం నాలుగూ ఐదూ తరగతుల వాళ్ళు దొండాకూ బొగ్గూ కలిపి నూరేవాళ్ళు. మెత్తగా నూరకపోతే నల్లబల్ల మీద గరుకు తేలుతుంది. గుడ్డపీలికతో పైనుంచి కిందికి, ఒకే వైపుగా పట్టించాలి. ఆదివారమంతా ఆరిపోయాక సోమవారం పొద్దున సుద్దముక్క పెడితే అక్షరం తెల్లగా, దిట్టంగా పడేది. ఆ రోజు బల్ల మీద మొదటి అక్షరం ఎవరు రాయాలా అని పోటీ. నూరినవాళ్ళ చేతులు రెండు రోజుల దాకా పచ్చి ఆకు వాసన వేసేవి.

సాయంత్రం బడి వదిలే ముందు ఎక్కాలు. ఒకడు లేచి "రెండొకట్ల రెండు" అంటే బడంతా అందుకునేది, "రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు". ఒకటో తరగతి వాడికి పన్నెండో ఎక్కం రాదు. అయినా పెద్దవాళ్ళతో కలిసి అరుస్తూ అరుస్తూ, నాలుగో తరగతికి వచ్చేసరికి తెలియకుండానే నోటికొచ్చేసి ఉండేది. ఇద్దరు పంతుళ్ళతో అయిదు తరగతులు నడిచాయంటే ఇలాంటి ఉపాయాల వల్లే.

ఆ బడిని ఆకాశానికెత్తి చెప్పడం నా ఉద్దేశం కాదు. వాన కురిస్తే సెలవు. మిరపకోతలు మొదలైతే సగం బడి చేలల్లోనే. ఆడపిల్లలు ఐదో తరగతితో ఆగిపోయేవాళ్ళు, వాళ్ళలో నాకన్నా చురుకైనవాళ్ళున్నారు. పల్లె నుంచి, అంటే దళితవాడ నుంచి, వచ్చే పిల్లలు మొదట్లో గోడవారగా వేరే కూర్చునేవాళ్ళు. నాన్నగారు ఎత్తును బట్టి వరసలు వేస్తాననీ, పొట్టివాళ్ళు ముందనీ చెప్పి, కింద పరిచే పట్టాల మీద అందరినీ కలిపేశారు. ఊళ్ళో కొందరు గొణిగారు. కేర్ అనే విదేశీ సహాయ సంస్థ వాళ్ళ గోధుమనూకతో ఉప్మా వండే రోజుల్లో, అది ఎవరు వండారన్న గొడవ కూడా వచ్చింది. నాన్నగారు ఆకు వేసుకుని పిల్లల మధ్యలో కూర్చుని తిన్నారు. మా అమ్మ నన్నూ అక్కడికే పంపింది. ఆ ఉప్మాలో మిరపకాయా పోపూ ఉండేవి కావు, ఉప్పూ నూకా అంతే. దాని కోసమే మధ్యాహ్నం దాకా ఆకలి ఓర్చుకునే పిల్లలు మా వరసలో ఉన్నారని నాకు చాలా ఏళ్ళ తరవాత అర్థమైంది.

అదే పట్టా మీద పంచాయతీ ప్రెసిడెంటుగారబ్బాయి కూర్చునేవాడు. కరణంగారి మనవరాలు కూర్చునేది. వేరే చోటికి పంపుదామంటే దగ్గరలో వేరే బడి లేదు. ప్రెసిడెంటుగారు పొలం నుంచి వస్తూ వస్తూ బడి ముందు ఆగేవారు. "మాస్టారూ, మావాడు తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం మర్చిపోతున్నాడు, చూశారా?" అనేవారు. నాన్నగారికి కోపం వచ్చేది కాదు. పైగా ఆ రోజు బడంతటికీ అప్పు తీసివేతలే. ఒకసారి పైకప్పు తాటాకు కుళ్ళి నీళ్ళు కారితే, మర్నాటికల్లా మనుషులొచ్చి కప్పు మార్చారు. అమ్మ ఆశ్చర్యపోయింది. నాన్నగారన్నారు, "ఆయన కొడుకు ఆ కప్పు కింద ఉన్నంతకాలం అది కారదు."

* * *

పట్నంలో కాన్వెంటు తెరిచారు. మా ఊళ్ళోకి మొదట రిక్షా, తరవాత వ్యాను వచ్చాయి. అప్పటికి మండలాలు వచ్చేశాయి, బడి బోర్డు మీద సమితి పోయి మండల పరిషత్ అయింది. మొట్టమొదట టై కట్టుకుని వ్యానెక్కింది ప్రెసిడెంటుగారి మనవడు. ఊరంతా చూసింది. ఆ టైకి ముడి వెయ్యక్కర్లేదు, మెడలో వేసి ఎలాస్టిక్ సర్దితే చాలు. సాయంత్రం వ్యాను దిగుతూనే వాడు "గుడ్ ఈవినింగ్" అనేవాడు, అరుగుల మీద వాళ్ళు మురిసిపోయేవాళ్ళు.

రెండేళ్ళలో పెద్దరైతుల పిల్లలందరూ వ్యానెక్కారు. తరవాత చిన్నరైతులు. ఆ తరవాత గేదె పాలు అమ్మి ఫీజు కట్టేవాళ్ళు. చివరికి బడిలో మిగిలినవాళ్ళు కూలికి పోయేవాళ్ళ పిల్లలు. విచిత్రమేమిటంటే ప్రభుత్వం బడికి నాలుగు వస్తువులివ్వడం సరిగ్గా అప్పుడే మొదలుపెట్టింది. 1987లో ఆపరేషన్ బ్లాక్ బోర్డు పథకం వచ్చింది. ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి అన్నారు. మా బడికి పెట్టె నిండా వచ్చాయి. గ్లోబు, పటాలు, లెక్కల సామాను. చాలా చోట్ల ఆ పెట్టెకి తాళం పడింది, ఏదన్నా విరిగితే స్టాకు రిజిస్టరులో లెక్క చెప్పాలని భయం. నాన్నగారు గ్లోబు మాత్రం బయట పెట్టారు. ఐదో తరగతి వాళ్ళు దాన్ని తిప్పి తిప్పి హిందూ మహాసముద్రం దగ్గర రంగు పోగొట్టారు.

ఆయన రిటైరైన తరవాతి వానాకాలం స్లాబు కారింది. ఎవరూ రాలేదు. ఊళ్ళో మంచివాళ్ళు లేరని కాదు. కారుతోందని తెలిసేది ఎవరికంటే, రాత్రి కొడుకో కూతురో తడిసిన పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చేవాళ్ళకి. వాళ్ళు సర్పంచి దగ్గరకెళ్ళి నిలదీసే స్థితిలో లేరు, నిలదీయగలిగిన వాళ్ళ పిల్లలు ఆ గదిలో లేరు. సర్కారు బడి దిగజారిందని అందరూ అంటారు. ఏ రోజు దిగజారిందో నేను చూశాను. అడిగేవాళ్ళు ఒక్కొక్కరే వ్యానెక్కి వెళ్ళిపోయినప్పుడు.

* * *

నేనూ టీచర్నయ్యాను. సెకండరీ గ్రేడు, అంటే ప్రాథమిక తరగతులకి చెప్పే టీచరు. నా మొదటి బళ్ళో చేరిన కొన్నాళ్ళకే ఏపీపెప్ ట్రైనింగులు మొదలయ్యాయి. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మన రాష్ట్రంలో నడిచిన ప్రాథమిక విద్యా పథకం అది. పిల్లల్ని వరసల్లో కాకుండా జట్లుగా కూర్చోబెట్టాలి, చేతులతో చేయించాలి, వాళ్ళు గీసినవీ రాసినవీ గదిలో తీగ కట్టి వేలాడదీయాలి. నాకు ఎంతో నచ్చింది. చింతగింజలతో కూడికలు, ఆకులు ఏరుకొచ్చి వాటి అంచుల్ని బట్టి గుంపులు చెయ్యడం. పిల్లలు మధ్యాహ్నం అన్నానికి వెళ్ళి మళ్ళీ రావడం మానలేదు, అదే నాకు పెద్ద కొలత.

ఊళ్ళో మాత్రం "ఆ టీచరమ్మ ఆడిస్తుంది, చదువు చెప్పదు" అన్నారు. వాళ్ళని తప్పుపట్టలేను. పక్కింటి కాన్వెంటు పిల్లకి రోజూ నాలుగు పుస్తకాల హోంవర్కు. మా పిల్లల సంచీలో చింతగింజలు. చూసేవాళ్ళకి ఏది చదువులా కనిపిస్తుంది?

ఒక ఏడాది మధ్యలో, ఫీజు కట్టలేక ఒక పిల్లవాణ్ణి కాన్వెంటు నుంచి తీసుకొచ్చి నా రెండో తరగతిలో వేశారు. ఏడేళ్ళవాడు. నోట్సులో గుండ్రటి చేతిరాత, ముత్యాల్లాంటి అక్షరాలు. లేచి నిలబడి చేతులు కట్టుకుని "ద కౌ ఈజ్ ఎ డొమెస్టిక్ యానిమల్" అని ఆపకుండా చెప్పేశాడు. నేను సంతోషించి, "కౌ అంటే ఏమిటి నాన్నా?" అన్నాను. తెల్లబోయి చూశాడు. వాళ్ళింట్లో రెండావులున్నాయి. తెలుగు వాచకం ఇస్తే "బల్ల" దగ్గర ఆగిపోయాడు. ఆ పిల్లవాడు మొద్దు కాదు. ఏం చెబుతున్నాడో ఎవరూ వాణ్ణి అడగలేదు, అంతే. వాళ్ళ ఆవుల పేర్లు బల్ల మీద రాసి అక్కడి నుంచి మొదలుపెట్టాం. ఒకటి గౌరి, ఒకటి లక్ష్మి. "గౌరి"లో గుణింతం, "లక్ష్మి"లో ఒత్తు. సంక్రాంతికల్లా కథల పుస్తకం తీశాడు.

ఇది చెప్పి, ఎదురు కథ చెప్పకపోతే అన్యాయం. నేను చూసిన సర్కారు బళ్ళలో, పదిన్నర బస్సుకి దిగి మూడున్నర బస్సు కోసం గడియారం చూసే వాళ్ళున్నారు. అయిదు తరగతులకి ఒక్కరే ఉండి, ఆ ఒక్కరూ జనాభా లెక్కలకో ఓటర్ల జాబితాకో వెళ్తే తలుపే తియ్యని బళ్ళున్నాయి. విద్యా వాలంటీరు వచ్చి ఏడాది మధ్యలో జీతం రాక మానేసిన బళ్ళున్నాయి. ఐదో తరగతి దాటినా పేరు రాయలేని పిల్లల్ని హైస్కూలుకి పంపించాం. అలాంటి బడి నుంచి పిల్లని తీసేసిన తల్లి ఇంగ్లీషు మోజుతో తీసేసిందనడం తేలిక. ఆమె తన కళ్ళతో చూసిందాన్ని బట్టే తీసేసింది.

జూన్ వస్తే బడిబాట. టీచర్లం ఇంటింటికీ తిరిగేవాళ్ళం. పుస్తకాలు ఉచితం, యూనిఫాం ఉచితం, 2003 నుంచి మధ్యాహ్నం అన్నం కూడా. ఎండలో తిరిగి తిరిగి గొంతెండిపోతే మజ్జిగ ఇచ్చేవాళ్ళు. అన్నీ విని ఒక కూలి తల్లి, బొగ్గులకుంపటి విసురుతూనే అడిగింది, "మీ పిల్లల్ని ఎక్కడేశారు టీచరమ్మా?" నాతో వచ్చిన ఇద్దరూ నేల చూపులు చూశారు.

* * *

ఆ ప్రశ్నకి నా దగ్గర రెండు జవాబులున్నాయి, ఎందుకంటే నాకు ఇద్దరు పిల్లలు.

అబ్బాయిని నా బళ్ళోనే వేశాను. ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది. మా అత్తగారు "ఇద్దరు జీతగాళ్ళుండి ఒక్క పిల్లాడికి ఫీజు కట్టలేరా" అని పదిమందిలో అన్నారు. మావారు మాట్లాడకుండా ఊరుకున్నారు, అది ఆయన ఒప్పుకోలు. ఆ బళ్ళో అప్పుడు ముగ్గురు టీచర్లం, ముగ్గురం వేళకి వచ్చేవాళ్ళం. నా కొడుకు అక్కడుండబట్టి నేనూ ఇంకాస్త పట్టుగా అడిగేదాన్ని, ట్యాంకులో నీళ్ళు ఎందుకు లేవని, వాచకాలు ఆగస్టు దాకా ఎందుకు రాలేదని. వాడు ఐదు దాకా అక్కడ, పది దాకా జిల్లా పరిషత్ హైస్కూలు. ఇంటర్లో మొదటి ఆరు నెలలు ఇంగ్లీషుతో బాగా నలిగాడు. రాత్రిళ్ళు డిక్షనరీ పక్కన పెట్టుకుని ఫిజిక్సు చదివేవాడు. ఆ ఇబ్బంది నిజం, చిన్నది కాదు. ఆ తరవాత గట్టెక్కాడు. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాడు, చిన్ననాటి స్నేహితులు ఇప్పటికీ ఆ బడి స్నేహితులే.

అమ్మాయి బడి వయసుకొచ్చేసరికి నాకు బదిలీ అయింది. కొత్త ఊళ్ళో నేను ఏకోపాధ్యాయురాలిని. నేను కాపురమున్న చోట ఉన్న సర్కారు బళ్ళో ఒకరు డెప్యుటేషన్ మీద, ఇంకొకరు దీర్ఘకాలం సెలవు మీద. అమ్మాయిని ప్రైవేటులో వేశాం. అప్పుడూ చుట్టాలు అన్నారు, "ఇప్పటికి బుద్ధొచ్చింది" అని. బుద్ధి ముందూ ఉంది, అప్పుడూ ఉంది. అక్కడ బడి ఉంది, ఇక్కడ గోడలే ఉన్నాయి.

ఆ ప్రైవేటు బళ్ళో చేర్చడానికి మా ఇద్దరికీ ఇంటర్వ్యూ పెట్టారు. నాలుగేళ్ళ పిల్లని వేరే గదిలో కూర్చోబెట్టి రంగుల పేర్లు ఇంగ్లీషులో అడిగారు. అది "ఎర్రది" అంది. ఆమె పెదవి విరిచి ఏదో రాసుకుంది. ఇప్పుడైతే ఆ పని చట్టం ఒప్పుకోదు. 2009 విద్యాహక్కు చట్టం పిల్లకి గానీ తల్లిదండ్రులకి గానీ పరీక్షలూ ఇంటర్వ్యూలూ పెట్టకూడదని, డొనేషన్ తీసుకోకూడదని చెప్పింది. ప్రైవేటు బళ్ళలో మొదటి తరగతి సీట్లలో నాలుగో వంతు పేద, బలహీన వర్గాల పిల్లలకి ఇవ్వాలనీ చెప్పింది. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చినా, ఆ నాలుగో వంతు మన దగ్గర కాగితం దాటడానికి ఏళ్ళు పట్టింది. దాని సంగతి ఇప్పటికీ చాలామంది తల్లులకి తెలియదు.

అమ్మాయికి ఆ బళ్ళో ఒక మంచి టీచరు దొరికింది. చిన్నపిల్ల, డిగ్రీ చదివి పెళ్ళికి ముందు పనిచేస్తోంది. నా జీతంలో ఆమెకి వచ్చేది ఏ మూలకీ కాదు. ఏడాది తిరక్కుండానే మానేసింది. వాళ్ళ బళ్ళో ఎప్పుడూ అంతే, జూన్లో ఉన్న ముఖాలు మార్చికి ఉండవు. మా అమ్మాయి వారం రోజులు ఏడ్చింది.

* * *

చుట్టుపక్కల బళ్ళ టీచర్లం కలిసే కాంప్లెక్సు మీటింగులో ఒకసారి ఒక అధ్యయనం గురించి విన్నాను, తరవాత వివరంగా చదివాను. మన ఉమ్మడి రాష్ట్రంలోనే, 2008 నుంచి నాలుగేళ్ళపాటు చేశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు చేసింది. అయిదు జిల్లాల్లో 180 ఊళ్ళు. సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవాళ్ళకి ప్రైవేటు బడి ఫీజు ఇచ్చారు. నాలుగేళ్ళ తరవాత పరీక్ష పెడితే తెలుగులోనూ లెక్కల్లోనూ గెలిచినవాళ్ళకీ గెలవనివాళ్ళకీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు వాళ్ళు ముందున్నారు, సర్కారు ప్రాథమిక బళ్ళలో ఎక్కువగా హిందీ చెప్పరు కదా. ఇంకో సంగతి కూడా అందులో ఉంది. ప్రైవేటు బళ్ళు తెలుగుకీ లెక్కలకీ తక్కువ సమయమిచ్చి, ఒక్కో పిల్లవాడి మీద సర్కారు ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువతోనే అంతవరకు తీసుకొచ్చాయి.

మాలో కొందరు మొదటి సగం చదివి సంబరపడ్డారు. నాకు రెండో సగం నిద్ర పట్టనివ్వలేదు. అంత జీతం తీసుకుంటున్నాం, ట్రైనింగైనవాళ్ళం, పరీక్ష రాసి వచ్చినవాళ్ళం, ఆ చిన్న జీతపు పిల్లలతో సమానంగానే ఉన్నామంటే మా దగ్గర అడిగేవాళ్ళు లేరనే కదా. ప్రైవేటులో ఫీజు కట్టినవాడు అడుగుతాడు, అడుగుతాడన్న భయంతో యాజమాన్యం ఉంటుంది.

ఇంగ్లీషు గొడవ నా ఉద్యోగం చివర్లో వచ్చింది. 2019 నవంబరులో సర్కారు బళ్ళన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేస్తామని జీవో ఇచ్చారు, 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది. ఆ తరవాత ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకాలు నాకు నచ్చాయి. పిల్లలు ఎడం పేజీలో అర్థం కాకపోతే కుడి పేజీలోకి చూసేవాళ్ళు, తల్లులు కూడా చూసేవాళ్ళు. ఇంగ్లీషు రావాలి, దానికి రెండో మాట లేదు. నా కొడుకు ఆర్నెల్లు నలిగిన తల్లిని నేను. అయితే ఐదేళ్ళ పిల్లకి ముందు తెలిసిన మాటలో చదవడం రావాలి. నోరు తెరిచి "నాకర్థం కాలేదు" అనడానికి ఆ పిల్లకి ఉన్నది తెలుగే.

* * *

ఆ సాయంత్రం ఆ కోడలుపిల్ల వచ్చింది, మొగుణ్ణి కూడా వెంటబెట్టుకుని. అతనికి మిరపలో ఈసారి నాలుగు డబ్బులు మిగిలాయి, కొడుకు చదువు దగ్గర వెనకాడకూడదని పట్టుదల. ఆ పట్టుదలని నేను తక్కువ చెయ్యదల్చుకోలేదు. మా తరంలో అలా అనుకున్న తండ్రులెంతమంది?

అందుకని "ఇక్కడే వెయ్యండి" అని నేను అనలేదు. బళ్ళు తెరిచాక రెండు చోట్లకీ వెళ్ళి చూడమన్నాను. పదకొండింటప్పుడు వెళ్ళండి, కబురు చెయ్యకుండా. గది కిటికీ దగ్గర పావుగంట నిలబడండి. టీచరు చెబుతుంటే ముందు వరస కాదు, చివరి వరస పిల్లల ముఖాలు చూడండి. రెండో తరగతి పిల్లని పిలిచి, పాఠంలో లేని పేజీ ఏదన్నా చదవమనండి. ఈ టీచరు ఎన్నేళ్ళ నుంచి ఉన్నారని అడగండి, ఒక్కరికి ఎన్ని తరగతులని అడగండి. వ్యాను ఎన్నింటికి వస్తుంది, పిల్లవాణ్ణి ఎక్కించుకుని ఎన్ని ఊళ్ళు తిరుగుతుంది? ఏడింటికి వ్యానెక్కిన ఐదేళ్ళవాడు అన్నం తిని వెళ్తాడా? ఫీజు ఒకటే కాదు, పుస్తకాలు, బూట్లు, వ్యాను కలిపి లెక్క వేసుకోండి. మిరప ధర పడిపోయిన ఏడు కూడా కట్టగలిగితేనే చెయ్యండి. మధ్యలో తీసెయ్యడం పిల్లవాడికి అన్నిటికన్నా పెద్ద దెబ్బ, అలా వచ్చిన పిల్లల్ని నేను ఎత్తుకుని కూర్చున్నాను.

అతను అంతా విని, "సర్కారు బళ్ళో వేస్తే మనల్ని ఎవరు లెక్కచేస్తారండీ?" అన్నాడు. మనసులో మాట అది. నేను నాన్నగారి కాలంనాటి ప్రెసిడెంటుగారి సంగతి చెప్పాను. "ఫీజు కట్టిన చోట అడుగుతావు గదా, ఇక్కడ ఎందుకడగవు నాయనా? ఇక్కడా నీ డబ్బే. నువ్వు కొనే సబ్బుబిళ్ళ మీద కూడా పన్నుంది" అన్నాను.

జూన్ చివర్లో ఆ అమ్మాయి ఫోను చేసింది. రెండు చోట్లకీ వెళ్ళారట. ఊరి బళ్ళోనే చేర్చారు. చేర్చే ముందు హెడ్మాస్టరుని అడిగిందట, "మీరు సెలవు పెడితే ఆ రోజు ఎవరొస్తారండీ?" అని.

* * *

నేను చివర పనిచేసిన బడి గురించి కూడా చెప్పాలి. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గరలోని హైస్కూళ్ళకి తరలించే పని మా దాకా వచ్చింది. చిన్నబళ్ళలో ఒకటీ రెండూ మాత్రమే మిగులుతాయన్నారు. సబ్జెక్టుకో టీచరు దొరుకుతారన్న ఆలోచన చెడ్డదేమీ కాదు. కానీ మా ఊరి పిల్లలు హైస్కూలుకి వెళ్ళాలంటే లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటాలి. ఎనిమిదేళ్ళ పిల్ల రోడ్డు దాటే కన్నా వ్యానెక్కడమే నయమని ఏ తల్లయినా అనుకుంటుంది. అలా అనుకుంటే ఆ బడి అక్కడితో అయిపోయినట్టే.

ఆ ఊళ్ళో అప్పటికి బడి కమిటీ ఉందంటే ఉంది. చట్టం ప్రకారం సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళు. ఇన్నాళ్ళూ రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు, వేలిముద్రలు పెట్టించుకునేవాళ్ళం. ఈసారి వాళ్ళే వచ్చారు. కూలి మానుకుని వచ్చారు. అర్జీ రాయమన్నారు. నేను ఉద్యోగిని, నేను రాయకూడదు. ఇంటర్ చదువుతున్న ఒక పూర్వ విద్యార్థి రాశాడు, వాళ్ళు చెబుతుంటే. మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకి ఒకసారి, అప్పట్లో సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే స్పందనకి రెండోసారి ఆటో మాట్లాడుకుని వెళ్ళారు. అధికారులు వచ్చి రోడ్డు చూశారు. తరగతులు మా దగ్గరే ఉండిపోయాయి.

ఆ అర్జీ పట్టుకుని ముందు నడిచినావిడ ఇప్పుడు కమిటీ ఛైర్‌పర్సన్. ఆవిడకి చదువు రాదు. వారానికో పూట బడికి వచ్చి, రెండో తరగతిలో ఒక్కొక్కరి చేతా పాఠం చదివించుకుని వింటుందని అక్కడ నా తరవాత చేరిన టీచరు చెప్పింది. పిల్ల ఎక్కడన్నా ఆగితే, "ఏం, ఎందుకాగావు?" అని పిల్లని అడుగుతుందట. రెండోసారి కూడా అక్కడే ఆగితే టీచర్ని అడుగుతుందట.